నాలుగో డిస్క్ నిజంగా పోయిందా?

బెంగళూరులో అద్దె ఇంటి అగ్రిమెంట్ 11 నెలలు. ఓనర్ అద్దె పెంచినా, ఆఫీసు మారినా, పిల్లల బడి మారినా మారతహళ్ళి నుంచి వర్తూరుకో, కేఆర్ పురం నుంచి హొరమావుకో సామాను కదులుతుంది. పాలు పొంగించడం, గ్యాస్ బిగించడం, బీరువా ఏ గోడకు అన్న వాదన అన్నీ అయ్యాక, రెండో రోజు రాత్రి పదింటికి ఎవరో ఒకరు కంప్యూటర్ ఆన్ చేస్తారు. ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా నాలుగు హార్డ్ డిస్కులు కలిపి రెయిడ్ (RAID) పెట్టుకున్న ఇల్లయితే ఆ రాత్రి మూడే కనిపించడం అరుదేమీ కాదు. ఊళ్ళో జరిగిన పెళ్ళి వీడియోలు, తాతగారి షష్టిపూర్తి ఫొటోలు, పదేళ్ళ ట్యాక్స్ కాగితాలు, అన్నీ ఆ నాలుగింటి మీదే ఉంటాయి. టెన్షన్ మొదలవుతుంది. 'డిస్క్ పోయింది, రేపు ఎస్పీ రోడ్‌కి వెళ్ళి కొత్తది తెచ్చి వేసెయ్' అని ఫోన్లో ఫ్రెండ్ తేల్చేస్తాడు.

ఆ సలహాలో రెండు తప్పులున్నాయి. కనిపించని డిస్క్ పోయిన డిస్క్ అనుకోవడం ఒకటి. కొత్త డిస్క్ వేస్తే రెయిడ్ దానంతటదే కోలుకుంటుందనుకోవడం రెండోది. ఇళ్ళల్లోని రెయిడ్‌లు మూలపడే తీరు చూస్తే డిస్క్ అరిగిపోవడం ఒక ఎత్తు, డిస్క్‌కీ మదర్‌బోర్డ్‌కీ మధ్య ఉన్నవి మొరాయించడం ఇంకో ఎత్తు. డేటా పూర్తిగా పోయేది మాత్రం చాలాసార్లు ఆ రెండింటి వల్లా కాదు. ఆ తర్వాత మనిషి తొందరపడి కొట్టే కమాండ్ వల్ల.

రెయిడ్ అన్న ఆలోచనలో డిస్క్ పోవడం మామూలు విషయమే. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్‌సన్, గార్త్ గిబ్సన్, రాండీ క్యాట్జ్ దీన్ని ప్రతిపాదించినప్పుడు పేరులోని 'ఐ' అక్షరానికి అర్థం 'చవకైన'. ఖరీదైన ఒక పెద్ద డిస్క్ బదులు చవక డిస్కులు చాలా వాడదాం, అవి పోతూనే ఉంటాయి కాబట్టి పోయినదాన్ని మిగతావాటి నుంచి లెక్కకట్టే ఏర్పాటు చేద్దాం అన్నది వాళ్ళ వాదన. తర్వాత అమ్ముకునే కంపెనీలకు 'చవక' అన్న మాట నచ్చక ఆ అక్షరానికి 'ఇండిపెండెంట్' అని అర్థం మార్చేశాయి.

లెక్కకట్టడం ఎలాగో అర్థమైతే మిగతాదంతా తేలిక. మూడు చీటీల మీద 4, 7, 5 అని రాసి, నాలుగో చీటీ మీద మొత్తం 16 అని రాశామనుకుందాం. ఏ చీటీ పోయినా మిగతా మూడింటితో దాన్ని తిరిగి రాయొచ్చు. రెండు పోతే మాత్రం రాయలేం. రెయిడ్ 5 చేసేది ఇదే. కూడిక బదులు బిట్ల మీద ఎక్సార్ అనే లెక్క వాడుతుంది, మొత్తం రాసే పనిని నాలుగు డిస్కులకూ వంతులవారీగా పంచుతుంది. ఆ మొత్తాన్నే ప్యారిటీ అంటారు. రెయిడ్ 1లో లెక్కే లేదు, ఒకే చీటీకి రెండు నకళ్ళు. రెయిడ్ 6లో రెండు రకాల మొత్తాలుంటాయి కాబట్టి రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది. రెయిడ్ 0లో ఏ రక్షణా లేదు, పేరులో రెయిడ్ అని ఉండటం తప్ప.

ఇక ఇల్లు మారిన ఆ రాత్రికి వద్దాం. కంప్యూటర్ టెంపోలో పడుకుని గుంతల మీదుగా వచ్చింది. డిస్క్‌ని మదర్‌బోర్డ్‌కి కలిపే సాటా డేటా కేబుల్ కొస చిన్న ప్లాస్టిక్ ముక్క. లోపలి కేబుళ్ళ కనెక్టర్లను సుమారు 50 సార్లు పెట్టి తీయడానికి సరిపోయేలా తయారు చేస్తారు. క్లిప్ లేని కేబుల్ అయితే కుదుపుకు అర మిల్లీమీటర్ జరిగినా చాలు, డిస్క్ కనిపించదు, లేదా కనిపించి మాయమవుతుంది. ముందు అనుమానించాల్సింది దీన్నే.

దీనికి సాక్ష్యం డిస్క్ దగ్గరే ఉంటుంది. ప్రతి డిస్క్ తన ఆరోగ్యం గురించి స్మార్ట్ అనే చిట్టా రాసుకుంటుంది. అందులో 199వ నంబర్ వరుస, డిస్క్‌కీ బోర్డ్‌కీ మధ్య దారిలో పాడైన డేటాను లెక్కపెడుతుంది. ఇది పెరుగుతుంటే తప్పు కేబుల్‌ది, లేదా కనెక్టర్‌ది. 5, 197, 198 వరుసలు వేరే కథ చెబుతాయి. 5 అంటే చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్లు, 197 అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి, 198 అంటే ఇక చదవడం కుదరదని తేలినవి. ఇవి పెరుగుతుంటే జబ్బు డిస్క్ లోపలే. ఈ తేడా చూడకుండా డిస్క్ మార్చేవాళ్ళు కొత్త డిస్క్‌ని అదే వదులు కేబుల్‌కి తగిలించి, నెల తిరక్కుండానే 'కొత్తది కూడా పోయింది, ఈ కంపెనీ సరుకే మంచిది కాదు' అంటారు.

కేబుల్ తర్వాత కరెంటు అందించే తీగ. మూడున్నర అంగుళాల హార్డ్ డిస్క్ తిరగడం మొదలెట్టే క్షణంలో 12 వోల్టుల తీగ నుంచి 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. నాలుగూ ఒకేసారి లేస్తే 8 ఆంపియర్లు, అంటే దాదాపు 100 వాట్లు. ఈ భారమంతా ఒక తీగను చాలా డిస్కులకు పంచే ఒకే స్ప్లిటర్ మీద వేసి ఉంటే వోల్టేజ్ కుంగి చివరి డిస్క్ సరిగ్గా లేవదు. పోతపోసిన ప్లాస్టిక్ కొసలతో వచ్చే చవక స్ప్లిటర్లు లోపల షార్టయి కాలిన సందర్భాలూ ఉన్నాయి. పవర్ సప్లై నుంచి వచ్చే వేర్వేరు తీగలకు రెండేసి డిస్కులు తగిలిస్తే రెండు సమస్యలూ తగ్గుతాయి.

మరో రెండు కారణాలకు డిస్క్‌తో అసలు సంబంధమే ఉండదు. చాలా మదర్‌బోర్డుల్లో ఎమ్.2 స్లాట్‌లో కొత్త ఎస్‌ఎస్‌డీ పెడితే ఒకటో రెండో సాటా పోర్టులు వాటంతటవే ఆగిపోతాయి, ఆ దారిని రెండూ పంచుకుంటాయి కాబట్టి. ఇది మాన్యువల్‌లో రాసే ఉంటుంది, చదివేవాళ్ళే తక్కువ. ఇంకొకటి సీఆర్2032 అనే నాణెం బ్యాటరీ. కంప్యూటర్ ఆఫ్ చేసినా ప్లగ్ గోడకి ఉన్నంతకాలం బోర్డ్‌కి పవర్ సప్లై నుంచి కాస్త కరెంటు అందుతూనే ఉంటుంది, అందుకే బ్యాటరీ చచ్చిపోయినా తెలియదు. ఇల్లు మారేటప్పుడు ప్లగ్ పీకి రెండు రోజులు ఉంచగానే బయోస్ (కంప్యూటర్ ఆన్ అవగానే మొదట నడిచే ప్రోగ్రాం) సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. మదర్‌బోర్డ్ సొంత రెయిడ్ వాడేవాళ్ళకు ఇది పెద్ద దెబ్బ. బయోస్‌లో సాటా మోడ్ రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మారిపోతుంది. అప్పటిదాకా ఒక్కటిగా కనిపించిన రెయిడ్ విడివిడి డిస్కులుగా విడిపోతుంది. విండోస్ వాటిని చూసి 'ఇనిషియలైజ్ చెయ్యనా' అని చాలా మర్యాదగా అడుగుతుంది. అవునన్నారో, బయోస్‌లో ఒక్క మాట మారిస్తే తిరిగొచ్చే డేటాకు కొత్త కష్టం తెచ్చినట్టే. ఆ పెట్టెలో క్యాన్సిల్ తప్ప మరేదీ నొక్కకూడదు.

లినక్స్‌లో ఎమ్‌డీ అనే సాఫ్ట్‌వేర్ రెయిడ్ వాడేవాళ్ళకు ఈ బాధ లేదు. ఏ డిస్క్ ఏ వరుసలోదో ఆ డిస్క్ మీదే సూపర్‌బ్లాక్ అనే చోట రాసి ఉంటుంది కాబట్టి కేబుళ్ళు అటూ ఇటూ మార్చి పెట్టినా కలుస్తాయి. కాకపోతే డిస్కులకు లినక్స్ పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు పోర్టులను బట్టి, బూట్‌ని బట్టి మారిపోతాయి. నిన్నటి ఎస్‌డీసీ ఇవాళ ఎస్‌డీబీ కావచ్చు. ఆ పేరు నమ్ముకుని మంచి డిస్క్‌ని పీకేసి చెడ్డదాన్ని ఉంచేసినవాళ్ళు తక్కువేమీ కాదు. డిస్క్‌కి నిలకడైన పేరు దాని సీరియల్ నంబర్ ఒక్కటే.

ఇప్పటిదాకా చెప్పినవి కంటికి కనిపించే తప్పులు. అన్నీ సరిగ్గా ఉండి కూడా మంచి డిస్క్ రెయిడ్ నుంచి వెళ్ళిపోయే సందర్భం ఒకటుంది. ఇళ్ళల్లో ఎక్కువగా జరిగేదీ, తక్కువమందికి తెలిసేదీ అదే. మామూలు డెస్క్‌టాప్ డిస్క్ ఏదైనా సెక్టార్ చదవలేకపోతే పట్టువదలకుండా మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, ఒక్కోసారి నిమిషం, రెండు నిమిషాలు. ఒంటరిగా పనిచేసే డిస్క్‌కి ఆ పట్టుదల అవసరమే, ఆ డేటాకి మరో కాపీ లేదు కదా. కానీ కెర్నల్, అంటే లినక్స్ మూల ప్రోగ్రాం, 30 సెకన్లే ఓపిక పడుతుంది. జవాబు రాకపోతే లింకును రీసెట్ చేస్తుంది. డిస్క్ ఇంకా ఆ సెక్టార్ దగ్గరే తంటాలు పడుతుంటుంది కాబట్టి రీసెట్‌కీ పలకదు. కెర్నల్ 'ఇది చచ్చిపోయింది' అని తేల్చేస్తుంది, రెయిడ్ దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఒక్క సెక్టార్ కోసం ఆ డిస్క్ మొత్తం బయటికి. గోటితో పోయేదానికి గొడ్డలి.

నాస్ కోసం, అంటే నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజ్ పెట్టెల కోసం, తయారైన డిస్కులు ఏడు సెకన్ల ప్రాంతంలోనే చేతులెత్తేసి 'ఈ సెక్టార్ చదవలేకపోయాను' అని చెప్పేస్తాయి. అప్పుడు రెయిడ్ ఆ ముక్కను మిగతా డిస్కుల నుంచి లెక్కకట్టి, అదే చోట తిరిగి రాస్తుంది. రాసేటప్పుడు డిస్క్ ఆ చెడ్డ సెక్టార్ బదులు అదనపు సెక్టార్ వాడుకుంటుంది. గాయం మానిపోతుంది, ఇంట్లో ఎవరికీ తెలియదు కూడా. డిస్క్ త్వరగా ఓటమి ఒప్పుకోవడమే రెయిడ్‌కి మేలు. చాలా డిస్కుల్లో ఈ గడువును ఏడు సెకన్లకు సెట్ చేసే వీలుంటుంది. లేనివాటికి కెర్నల్ ఓపికనే 30 నుంచి 180 సెకన్లకు పెంచాలి. డిస్క్ గడువు సాధారణంగా కరెంటు తీస్తే మర్చిపోతుంది, కెర్నల్ గడువు రీబూట్‌తో పోతుంది. కాబట్టి ఈ సెట్టింగును ప్రతి బూట్‌లో నడిచే స్క్రిప్ట్‌లో పెట్టాలి.

ఎస్‌ఎమ్‌ఆర్ డిస్కుల సంగతీ ఇక్కడే చెప్పాలి. వీటిలో ట్రాకులు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి వచ్చి ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవాటినీ తిరిగి రాయాలి. మామూలు వాడకంలో తెలియదు, రీబిల్డ్‌లో, అంటే కొత్త డిస్క్‌ని మిగతావాటి నుంచి నింపేటప్పుడు, మాత్రం గంటల తరబడి నత్తనడక నడిచి గడువు దాటి బయటికి పోగలవు. నాస్ కోసమని అమ్మే డబ్ల్యూడీ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎమ్‌ఆర్ అని, ఆ మాట ముందు చెప్పలేదని 2020లో బయటపడి గొడవైంది. తర్వాత ఆ కంపెనీ మామూలు రికార్డింగ్ వాటికి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టింది. కొనేముందు మోడల్ నంబర్ వెతికి చూస్తే సరిపోయే జాగ్రత్త ఇది.

రెయిడ్ పూర్తిగా ఆగిపోయినవాళ్ళ నోట వచ్చే మాట 'రెండు డిస్కులు ఒకేరోజు పోయాయి'. ఆ మాటను అంత తేలిగ్గా నమ్మకూడదు. ప్రతి డిస్క్ సూపర్‌బ్లాక్‌లో ఈవెంట్ కౌంట్ అనే అంకె, చివరిసారి అది మారిన సమయం ఉంటాయి. రెయిడ్‌లో ఉన్నంతకాలం నాలుగింట్లోనూ అంకె కలిసి పెరుగుతుంది. బయటికి పోయిన డిస్క్‌లో అక్కడే ఆగిపోతుంది. ఎమ్‌డీ రెయిడ్‌ని నడిపే టూల్ ఎమ్‌డీయాడ్‌మ్‌లో ఎగ్జామిన్ అనే కమాండ్‌తో నాలుగు డిస్కులనూ విడివిడిగా అడిగితే ఇవి బయటపడతాయి. తరచూ తేలేదేమిటంటే, ఒక డిస్క్ ఉగాదికే వెళ్ళిపోయింది, దసరాకి రెండోది వెళ్ళింది. మధ్యలో ఆరు నెలలు రెయిడ్ మూడు డిస్కుల మీదే నడిచింది. ఫొటోలు తెరుచుకుంటున్నాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. లినక్స్ మెయిల్ పంపడానికి సిద్ధంగానే ఉంది, ఏ అడ్రస్‌కి పంపాలో ఎవరూ చెప్పలేదు.

ఈ అంకెలే తర్వాతి దారి చూపిస్తాయి. రెండు డిస్కుల్లో 20418, మిగతా రెండింటిలో 20415 ఉంటే అవి దాదాపు కలిసే ఆగాయి. ఫోర్స్ అనే మాట జోడించి అసెంబుల్ చేస్తే సాధారణంగా అన్నీ లేస్తాయి. రెండింటిలో 20418, ఒకదానిలో 20416, ఇంకొకదానిలో 11250 ఉంటే ఆ 11250 డిస్క్‌ని దగ్గరికి రానివ్వకూడదు. దానిలో ఉన్నది ఉగాది నాటి డేటా. మిగతా మూడింటినే కలపాలి. ఏది పాతది, ఏది కొత్తది తెలియకుండా అన్నీ కలిపి కొట్టడం పాత పంచాంగం, కొత్త పంచాంగం కలిపి ముహూర్తం పెట్టినట్టే.

ఇక డేటాను నిజంగా చంపే కమాండ్ పేరు క్రియేట్. అసెంబుల్ అంటే ఉన్న రెయిడ్‌ని లేపడం. క్రియేట్ అంటే కొత్తది కట్టడం. అసెంబుల్ మొరాయించగానే 'మళ్ళీ క్రియేట్ చేస్తే వచ్చేసింది' అన్న ఎవరి అనుభవమో చదివి అదే కొట్టేస్తారు. వచ్చినవాళ్ళకు అదృష్టం బాగుంది, అంతే. డిస్కుల వరుస, ఒక్కో డిస్క్‌కి పంచే ముక్క సైజు, డేటా మొదలయ్యే చోటు అన్నీ పాతవాటితో అచ్చం కలవాలి. ముక్క సైజు ఒకప్పుడు మామూలుగా 64 కేబీ, తర్వాత 512 కేబీ అయింది. పాత వెర్షన్‌తో కట్టినదాన్ని కొత్త వెర్షన్‌తో క్రియేట్ చేస్తే ఈ తేడాలన్నీ మౌనంగా దూరిపోతాయి. పైగా క్రియేట్ అవ్వగానే రెయిడ్ తన లెక్క ప్రకారం ప్యారిటీని తిరిగి రాయడం మొదలెడుతుంది. వరుస తప్పయితే ఆ ప్యారిటీ వెళ్ళి డేటా మీద పడుతుంది. కంచే చేను మేసినట్టు.

ఫైల్ సిస్టమ్‌ని బాగుచేసే ఎఫ్‌ఎస్‌సీకే కూడా ఇలాంటిదే. డిస్కుల వరుస తప్పుగా కలిసినప్పుడు దాన్ని నడిపితే, బాగున్న ఫోల్డర్లను 'తప్పులు' అనుకుని శుభ్రంగా దిద్దేస్తుంది. ముందు మార్పులు చెయ్యకుండా చూసే పద్ధతిలో నడపాలి. మౌంట్ చేసేటప్పుడు రీడ్ ఓన్లీ అంటే కూడా చాలదు. పూర్తికాని రాతల చిట్టా అయిన జర్నల్‌ని తిరిగి ఆడించవద్దని ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లకు వేర్వేరుగా చెప్పాలి. స్థూలంగా వరుస ఇది: అరగంట పాటు డిస్కుల మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా చదవడం మాత్రమే చెయ్యాలి. స్మార్ట్ చిట్టాలు, నాలుగు సూపర్‌బ్లాకులు, కెర్నల్ లాగ్ వేరే చోట సేవ్ చెయ్యాలి. అప్పుడు కేబుల్. ఆ తర్వాతే అసెంబుల్.

డిస్క్ నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తుంటే మాత్రం ఈ వరుసేదీ వద్దు. వెంటనే కరెంటు తీసెయ్యాలి. డిస్క్ లోపల డేటా చదివే తల, డేటా ఉండే పళ్ళేన్ని గీస్తున్నప్పుడు నడిచే ప్రతి నిమిషం నష్టమే, అది ల్యాబ్ పని. చప్పుడు లేకుండా 197 పెరుగుతున్న డిస్క్ అయితే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో అంతే సైజు కొత్త డిస్క్ మీదికి నకలు తీసి, ఆ నకలుతో రెయిడ్ లేపడం మేలు. అది మంచి భాగాలను ముందు లాగి, మొండి సెక్టార్లను ఆఖరికి వదిలిపెడుతుంది, ఎక్కడిదాకా వచ్చిందో రాసుకుంటుంది.

రీబిల్డ్ గురించి భయాలు కొంచెం ఎక్కువే. నాలుగు 4 టీబీ డిస్కుల రెయిడ్ 5లో ఒకటి మారిస్తే మిగతా మూడింటినీ, అంటే 12 టీబీని, మొదటి నుంచి చివరిదాకా చదవాలి. మూడూ ఒకేసారి, ఒక్కోటి సెకనుకు 150 ఎంబీ చొప్పున నడిస్తే ఏడున్నర గంటలు. మామూలు డిస్కుల స్పెసిఫికేషన్‌లో చదవలేని తప్పు ఒకటి దాదాపు 12.5 టీబీకి రావచ్చని ఉంటుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి 'రీబిల్డ్ ఫెయిలవడం ఖాయం' అనేవాళ్ళున్నారు. నిజానికి డిస్కులు ఆ అంకె కంటే బాగానే పనిచేస్తాయి. డెబియన్, ఉబుంటుల్లో ప్రతి నెలా మొదటి ఆదివారం రెయిడ్ మొత్తాన్ని చదివి చూసే తనిఖీ ఉంటుంది. అది నెలనెలా తప్పుల్లేకుండా పూర్తవుతున్న ఇంట్లో రీబిల్డ్ కూడా పూర్తవుతుందనే నమ్మొచ్చు. భయపడాల్సింది ఆ తనిఖీ రాత్రిపూట డిస్కులు చప్పుడు చేస్తున్నాయని ఆపేసినవాళ్ళు.

బెంగళూరులో రీబిల్డ్‌కి అంతకంటే పెద్ద శత్రువు కరెంటు. బెస్కామ్ సరఫరా పోగానే అపార్ట్‌మెంట్ జనరేటర్ అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. కరెంటు తిరిగొచ్చాక మళ్ళీ మారుతుంది. ఒక్క కోతకు రెండు దెబ్బలు. కంప్యూటర్ పవర్ సప్లై పూర్తి లోడులో తట్టుకునేది 16 మిల్లీసెకన్ల ప్రాంతం. ఇన్వర్టర్ ఉన్నా అది నార్మల్ మోడ్‌లో ఉంటే మారడానికి అంతకంటే ఎక్కువే తీసుకుంటుంది, దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. చీటీల లెక్కలో చెప్పాలంటే, రెండో చీటీ మీద 7 కొట్టేసి 9 రాసి, మొత్తం 16ని 18గా దిద్దేలోపే కరెంటు పోయింది. అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ మొత్తాన్ని రెయిడ్ సరిదిద్దుకునేలోపే మూడో చీటీ పోయి లెక్కకడితే 5 బదులు 3 వస్తుంది. ఏ ఎర్రర్ రాదు, ఏ మెయిల్ రాదు, ఫొటో సగం బూడిద రంగులో తెరుచుకుంటుంది. యూపీఎస్ ఉందన్న ధీమా కూడా పూర్తిగా పనికిరాదు. లోపలి బ్యాటరీ రెండు మూడేళ్ళకు నీరసిస్తుంది. టేబుల్ ల్యాంపు తగిలించి గోడ స్విచ్ ఆపి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. ఈ పరీక్ష కంప్యూటర్‌తో చెయ్యకూడదు.

ఇంత చెప్పాక కూడా రెయిడ్ బ్యాకప్ కాదు. పొరపాటున డిలీట్ చేసిన ఫోల్డర్‌ని అది నాలుగు డిస్కుల్లోనూ ఎంతో నమ్మకంగా డిలీట్ చేస్తుంది. పెళ్ళి వీడియోల కాపీ ఒకటి ఊళ్ళో అమ్మానాన్నల ఇంట్లో బీరువాలో ఉంటే, పైన రాసిన వరుసంతా వణుకు లేకుండా చెయ్యొచ్చు.

ఇల్లు మారిన ఆ కంప్యూటర్లో 5, 197, 198 సున్నాలే ఉండి, 199 మాత్రం 46 ఉందనుకుందాం. ఎస్పీ రోడ్‌కి వెళ్ళినా తేవాల్సింది డిస్క్ కాదు, క్లిప్ ఉన్న సాటా కేబుల్. అది మార్చి, బయటికి పోయిన డిస్క్‌ని రీ యాడ్ అనే కమాండ్‌తో చేర్చితే, రెయిడ్ ఏ ముక్కలు మారాయో గుర్తుపెట్టుకునే బిట్‌మ్యాప్ చూసుకుని, ఆ డిస్క్ లేనప్పుడు మారిన ముక్కలను మాత్రమే నింపుతుంది. బిట్‌మ్యాప్ ఉంటే కొన్ని నిమిషాలు, లేకపోతే తెల్లారేదాకా. మూత బిగించేముందు డిస్క్ అంచు మీద చిన్న స్టికర్ అంటించి సీరియల్ నంబర్, తేదీ, పక్కన '199: 46' అని రాసుకోవాలి. ఆ అంకె ఎప్పటికీ తగ్గదు. వచ్చే 11 నెలల తర్వాత మళ్ళీ ప్యాకర్స్ వచ్చి వెళ్ళిన రోజున అది 46 దగ్గరే ఉందా, కదిలిందా అన్నదే మొదట చూడాల్సింది.